డ్రమ్ములో ఆగని మోటారు

“మా ఆయన మోటారు నువ్వు బాగుచేశావా, బాగుచేశానని చెప్పావా?”

ఆమె రేకుల షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగింది. లోపలికి రాలేదు. ఎప్పుడొచ్చినా “అన్నయ్యా” అన్నాకే మాట మొదలుపెట్టే మనిషి, ఆ రోజు ఆ పిలుపు ఇంట్లోనే వదిలేసి వచ్చింది. డ్రమ్ము మేస్త్రి చేతిలోని స్పానరు కింద పెట్టాడు, మళ్లీ తీశాడు, ఏం చెయ్యాలో తోచక జేబులో వేసుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్లుగా అతని పనిని జనం రకరకాలుగా తిట్టారు. ఆలస్యమన్నారు, ఖరీదన్నారు, ఎదుటివాణ్ణి పురుగులా చూస్తాడన్నారు. బాగుచేశావా లేదా అని మాత్రం ఎవరూ అడగలేదు.

అతని అసలు పేరు మత్స్యకారుల సంఘం పుస్తకంలో తప్ప ఎక్కడా కనిపించదు. షెడ్డు నడుమ, నడుం ఎత్తున, ఒక ఇనప డ్రమ్ము ఉంటుంది. దాని నిండా నీళ్లు. పడవ మోటారును డ్రమ్ము అంచుకు బిగించి, కింది రెక్క నీళ్లలో మునిగేలా దించి, తాడు లాగి స్టార్టు చేసి, పావుగంట నడిపి, “ఇక తీసుకుపో” అంటాడు. ఆ మాట అన్నాడంటే అన్నట్టే. రేవులో దానికి రసీదు కన్నా ఎక్కువ విలువ. అందుకే డ్రమ్ము మేస్త్రి అయ్యాడు.

మొదట సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. ఇరవై తొమ్మిదో ఏట రేవులోకి పడవ వెనక తగిలించే మోటార్లు వచ్చాయి. వాటిని బాగుచేసేవాడు చుట్టుపక్కల ఎవడూ లేడు. పాడైన దాన్ని ఒకదాన్ని తూకానికి కొని, దుప్పటి మీద విప్పి పరిచి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాడు. అలా ఏడుసార్లు చేశాక అది నడిచింది. ఎనిమిదోసారి ఎందుకు నడిచిందో కూడా తెలిసింది. ఆ చప్పుళ్ల మధ్య ఎడమ చెవి పోయింది. మనుషులు ఏం చెప్పినా ఎడమ చెవితో వింటాడు, మోటారు మాట మాత్రం కుడి చెవితో వింటాడని భార్య అంటుంది.

“వీటి రోగాల్లో సగం రోగాలు కావు, ఆకళ్లు,” అనేవాడు పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లతో. పెట్రోలు అందని మోటారు జబ్బుపడ్డట్టే దగ్గుతుంది, మూలుగుతుంది, పడుకుంటుంది. తెలియనివాడు ప్లగ్గులు మారుస్తాడు, కాయిల్ మారుస్తాడు, చివరికి మోటారే మార్చమంటాడు. తెలిసినవాడు అన్నం పోయే దారి చూస్తాడు. ముందు ట్యాంకు మూత. దానిమీద గాలి లోపలికి పోవడానికి చిన్న స్క్రూ ఉంటుంది. అలల్లో నీళ్లు పడతాయని బిగించి, విప్పడం మరిచిపోయేవాళ్లు వారానికి ఒకరు. తర్వాత పైపు. పైపు మధ్యలో కోడిగుడ్డంత రబ్బరు బల్బు. స్టార్టు చేసే ముందు దాన్ని నాలుగుసార్లు పిసికితే పెట్రోలు ముందుకొస్తుంది. ఆ తర్వాత ఫిల్టరు, పంపు, కార్బరేటర్. “కంచం దగ్గర మొదలుపెట్టి కడుపు దాకా రా. మధ్యలోంచి మొదలుపెట్టావంటే నువ్వు మెకానిక్కువి కాదు, జాతకాలు చెప్పుకో.” ఇది అతను అందరికీ చెప్పిన పాఠం. అతనే ఇరవై ఏళ్లుగా పాటించని పాఠం కూడా.

దానికి కారణం ఉంది, అదేమీ సిగ్గుపడాల్సిన కారణం కాదు. ఇరవై ఏళ్ల కిందట ఎవరో తెచ్చిన కారుతున్న ట్యాంకు వల్ల షెడ్డు అంటుకుంది. అతని కుడి ముంజేయి కాలింది. ఆ చర్మం ఇప్పటికీ ఉడికిన బంగాళదుంప తొక్కలా ముడతలు పడి ఉంటుంది. చెయ్యి మానగానే గుమ్మం మీద బోర్డు రాయించాడు. ‘ట్యాంకులు, పైపులు లోపలికి తేరాదు. మోటారు మాత్రమే.’ అప్పటినుంచి ఏ మోటారునైనా తన సొంత ట్యాంకుతో, తన సొంత పైపుతో డ్రమ్ములో నడిపి చూపించేవాడు. అందరూ మెచ్చుకున్నారు. జాగ్రత్తపరుడన్నారు. ఒక జాగ్రత్త ఇంకో అజాగ్రత్తకు తలుపు తీస్తుందని ఎవరికి తోస్తుంది? అతనికీ తోచలేదు.

ఆమె భర్త, అందరూ పొడుగాయన అని పిలిచే మనిషి, వచ్చింది ఆ బోర్డు కిందికే. ఆయన అంత పొడుగు కాదు, రేవులో మిగతావాళ్లు పొట్టి. మోటారు భుజాన వేసుకుని వచ్చి, దించి, నడుం పట్టుకుని నిలబడ్డాడు.

“ఏటిలో బాగానే పోతుంది మేస్త్రీ. మొగ దాటి, పూర్తి వేగం పెట్టి పది నిమిషాలు పోతే దగ్గుతుంది. బల్బు పిసికితే లేస్తుంది. మళ్లీ పది నిమిషాలకు పడుకుంటుంది. నా పెళ్లాన్ని కూడా ఇంతలా బతిమాలలేదు.”

“ఆవిడ వింటే బల్బు పిసకదు, నీ మెడ పిసుకుతుంది.”

“పిసకనీ. అప్పుడైనా నాకు సెలవు దొరుకుతుంది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడ అడుగున ఇసుక గట్టు, దాని మీద విరిగే అలలు. పడవ ఆ యాభై గజాలూ వేగంగా దాటాలి. అక్కడ మోటారు ఆగితే పడవ అలలకు అడ్డం తిరుగుతుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టే దాని గురించి మాట్లాడుకోలేదు.

మేస్త్రి మోటారు విప్పాడు. పంపులో పల్చటి రబ్బరు పొర గట్టిపడి ఉంది, కొత్తది వేశాడు. కార్బరేటర్ కడిగాడు. ఫిల్టరు మార్చాడు. డ్రమ్ముకు బిగించి, తన ట్యాంకు, తన పైపు తగిలించి పావుగంట నడిపాడు. కుడి చెవి దగ్గరికి తీసుకెళ్లి విన్నాడు. ఒక్క దగ్గు లేదు. “ఇక తీసుకుపో,” అన్నాడు. బిల్లు రెండు వేల ఆరు వందలైంది. పొడుగాయన పదిహేను వందలిచ్చాడు. మిగతా పదకొండు వందలు వేట అయ్యాక ఇస్తానన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం, బాగుచేశాక మొదటి వేట నుంచి తిరిగి వస్తుండగా, మొగలో మోటారు ఆగింది. పడవ బోల్తా పడింది. పడవలో ఇద్దరే. పొడుగాయన, ఆయన బావమరిది. బావమరిది బోర్లాపడిన పడవ పట్టుకుని ఒడ్డుకు చేరాడు. పొడుగాయన శవం మర్నాడు చేరింది. పడవ దొరికింది, దానికి బిగించిన మోటారు దొరికింది, మోటారుకు తగిలించిన పైపూ దొరికింది. ట్యాంకు మాత్రం తెగి కొట్టుకుపోయింది.

ఇలాంటప్పుడు జనం చెప్పే మాటలు సిద్ధంగా ఉంటాయి. సముద్రం తీసుకుపోయింది అన్నారు. సముద్రానికి మనుషుల్ని తీసుకుపోయే అలవాటు ఉంటే ఉండొచ్చు గానీ, మోటార్లు ఆపే అలవాటు లేదు. రాత అన్నారు. మంచివాళ్లకు ఆయుష్షు తక్కువ అన్నారు. పొడుగాయన మంచివాడని బతికున్నప్పుడు ఆ మాటలన్నవాళ్లలో ఎవరూ అనలేదు.

సంఘానికి సహాయ నిధి ఒకటి ఉంది. వేటలో చనిపోయినవాడి ఇంటికి లక్షా ఎనిమిది వేలు ఇస్తుంది. అయితే సొంత నిర్లక్ష్యం వల్ల పోతే ఇవ్వదు. ఆ నియమం రాసినవాళ్లకు సముద్రం గురించి ఏం తెలుసో గానీ, డబ్బు గురించి బాగా తెలుసు. సమావేశంలో సంఘం పెద్ద బావమరిదిని లేపి నిలబెట్టాడు.

“ఎలా ఆగింది?”

“దగ్గిందండి. ఆయిలు అయిపోయినప్పుడు దగ్గుతుంది చూశారా, అలాగ.” రేవులో పెట్రోలును ఆయిలు అనే అంటారు.

“ట్యాంకులో ఆయిలు ఎంతుందో చూశావా?”

“పొద్దున బావే పోశాడు. నేను చూడలేదు.”

“అదీ సంగతి. చూసుకోకుండా పోయాడు.”

“లేదండీ. బావ బల్బు పిసుకుతూనే ఉన్నాడు. ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో బల్బు. అది చప్పిడైపోయింది. అతుక్కుపోయింది. ఎంత పిసికినా లేవలేదు.”

“ఆయిలు లేకపోతే ఏం లేస్తుంది?” అన్నాడు పెద్ద. చాలామంది తలలూపారు.

వెనక వరసలో కూర్చున్న డ్రమ్ము మేస్త్రి తల ఊపలేదు. ఆ గదిలో అతనొక్కడికే తెలిసిన ముక్క ఒకటి ఉంది. ట్యాంకు ఖాళీ అయితే పైపులోకి గాలి వస్తుంది. బల్బు మెత్తబడుతుంది గానీ గుండ్రంగానే ఉంటుంది. బల్బు అతుక్కుపోయిందంటే, ముందు నుంచి పంపు గట్టిగా లాగుతోంది, వెనక నుంచి ఏదో గొంతు నొక్కుతోంది. పంపు తను కొత్త పొర వేసిన పంపు. అది బాగా లాగబట్టే బల్బు అంతగా అతుక్కుపోయింది. అడ్డం వెనక ఉంది, బల్బుకూ ట్యాంకుకూ మధ్య. తను చూడని చోట. పది నిమిషాలకు దగ్గుతుంది, బల్బు పిసికితే లేస్తుంది అని పొడుగాయన తన నోటితోనే రోగం పేరు చెప్పాడు. పని నేర్చుకునేవాడు అయినా పైపు తెమ్మనేవాడు.

లేచి చెప్పాలి. లేవలేదు. చెయ్యి ఎత్తితే చాలు, ఎత్తలేదు. సాయం ఇవ్వడానికి వీల్లేదని పెద్ద పుస్తకంలో రాశాడు. మేస్త్రి ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు.

“నిన్ను అడిగారా?” అంది ఆమె.

“లేదు.”

“అడగనిదానికి జవాబెందుకు? నువ్వు చెబితే రేపట్నుంచి ఈ గుమ్మం ఎవడు తొక్కుతాడు?”

ఆమె చెడ్డమనిషి కాదు. బియ్యం డబ్బా చూసి మాట్లాడింది. అతనూ ఆ మాట కోసమే ఆమెకు చెప్పాడు. మూడు వారాలు అలా గడిచాయి. ఆ మూడు వారాల్లో తొమ్మిది మోటార్లు వచ్చాయి. తొమ్మిదింటినీ డ్రమ్ములోనే నడిపాడు. ఒక్కో మోటారు పోతుంటే దాని వెనక వీధి మలుపు దాకా చూసేవాడు. అన్నం తగ్గింది. పైపు ఎక్కడుందో అతనికి తెలుసు. పొడుగాయన ఇంటి వెనక, బోర్లించిన పడవ పక్కన. ఆ వీధిలోంచి పోవడం మానేశాడు.

ఇక ఆ రోజు పొడుగాయన భార్య షెడ్డు గుమ్మంలోకి వచ్చి అడిగిన ప్రశ్న.

“డ్రమ్ములో పావుగంట ఆగకుండా నడిచిందమ్మా,” అన్నాడు.

“మా ఆయన వేటకి పోయింది డ్రమ్ములోకి కాదు.”

ఆమె అక్కడితో ఆగలేదు. “ఆయిలు పోసుకోకుండా పోయాడని పుస్తకంలో రాశారు. మా ఆయన ఇంట్లో ఉప్పుందో లేదో ఎప్పుడూ చూడలేదు. ఆయిలు చూడకుండా ఎప్పుడూ పోలేదు. రెండిటికీ నేనే సాక్షిని. డబ్బు ఇవ్వకపోతే మానెయ్యండి, వలలు కుట్టుకుని బతుకుతాను. ఆయన చేతగానివాడని మాత్రం రాయకండి. ఎందుకాగిందో నీకు తెలుసు. ఆ రోజు మా తమ్ముడు చెబుతుంటే అందరూ వాడి మొహం చూశారు. నేను నీ మొహం చూశాను.”

మేస్త్రి జేబులోని స్పానరు తీసి కింద పెట్టాడు.

“ఆ పైపు అలాగే ఉందా?”

“ఉంది.”

“రేపు పొద్దున తీసుకురా. నా పడవ తీస్తాను. మీ తమ్ముణ్ణి చుక్కాని పట్టమను.”

“నేనూ ఎక్కుతాను.”

“నువ్వెందుకమ్మా?”

“నువ్వు చెబితే నమ్మాలి కాబట్టి. నాకు నమ్మాలని లేదు.”

మర్నాడు పొద్దున ఏరు అద్దంలా ఉంది. మేస్త్రి తన చిన్న పడవకు తన మోటారు బిగించాడు. తన ట్యాంకు నిండా పెట్రోలు పోశాడు. మూత మీది గాలి స్క్రూ విప్పి ఆమె వేలు దానిమీద పెట్టించాడు. “ఇది మూసుకుపోయినా అలాగే ఆగుతుంది. అందుకే చూడు, తెరిచే ఉంది.” ముందు తన పైపు తగిలించాడు. ఎదురు ప్రవాహంలోకి పూర్తి వేగంతో ఇరవై నిమిషాలు పోయారు. మోటారు ఒక్కసారి కూడా తడబడలేదు. ఆపి, పైపు తీసి, ఆమె గోనెసంచిలో తెచ్చిన పైపు తగిలించాడు. పైకి చూస్తే అది బాగానే ఉంది. పగుళ్లు లేవు. రబ్బరు బల్బు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

“పట్టుకుని ఉండు. పిసకొద్దు. ఏమైతే అది చెప్పు.”

అయిదు నిమిషాలు ఏమీ కాలేదు. ఆరో నిమిషంలో ఆమె చెయ్యి చూసుకుంది. ఏడో నిమిషంలో అంది. “అన్నయ్యా, లోపలికి పోతోంది.”

పిలుపు అలవాటు కొద్దీ వచ్చింది. ఆమె గమనించిందో లేదో తెలియదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ రాలేదు.

బల్బు ఆమె వేళ్ల మధ్య మెల్లగా అణిగిపోయింది. లోపలి నుంచి ఎవరో పీల్చేస్తున్నట్టు రెండు వైపులా అతుక్కుంది. మోటారు ఒకసారి దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆగిపోయింది. అంతసేపూ ఉన్న చప్పుడు పోయేసరికి నీళ్లు పడవ పక్కను తాకే శబ్దం వినపడింది.

“ఇదే,” అన్నాడు బావమరిది. “అచ్చం ఇలాగే.”

“ఇప్పుడు పిసుకు,” అన్నాడు మేస్త్రి.

ఆమె పిసికింది. బల్బు లేవలేదు. రెండు చేతులతో పిసికింది. నిండు ట్యాంకు ఆమె కాళ్ల దగ్గరే ఉంది. పిసుకుతూనే తమ్ముణ్ణి అడిగింది. “ఎంతసేపు పిసికాడురా?”

“పడవ తిరగబడేదాకా అక్కా.”

ఆమె పిసకడం ఆపింది. పడవ ప్రవాహంలో మెల్లగా వెనక్కి కొట్టుకుపోతోంది. అక్కడ అలలు లేవు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఒడ్డుకు తెడ్డు వేసుకుని వచ్చారు. మేస్త్రి పలకరాయి మీద పైపు పెట్టి, కత్తితో పొడుగునా చీల్చాడు. ట్యాంకు వైపు జానెడు దూరంలో దొరికింది. పైపు లోపలి పొర గోడ నుంచి ఊడి, నాలుకలా వేలాడుతోంది. మోటారు మెల్లగా తాగుతున్నంతసేపూ ఆ నాలుక పక్కకు తప్పుకుంటుంది. గట్టిగా పీలిస్తే ఎగిరొచ్చి దారి మూసేస్తుంది. పాత పెట్రోలు రబ్బరును లోపల్నుంచే తినేసింది. బయటికి ఏమీ తెలియదు.

“చూసుంటే తెలిసేదా?” అంది ఆమె.

“పది నిమిషాల పని.”

“కొత్తది ఎంత?”

“నాలుగు వందల యాభై.”

“ఎందుకు చూడలేదు?”

“తేవద్దని నేనే బోర్డు పెట్టాను.”

ఆమె ఆ చీలిన పైపును తిరిగి గోనెసంచిలో పెట్టుకుంది. తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. ఆ కోరికలో కొంచెం స్వార్థం ఉంది. అదీ అతనికి తెలుసు.

ఆ వారం సంఘంలో మేస్త్రి లేచి నిలబడ్డాడు. పైపు బల్ల మీద పెట్టి, ఆ నాలుకను వేలితో ఎత్తి దించి చూపించాడు. ఆయిలు ఉంది, పోసినవాడు సరిగ్గానే పోశాడు, తప్పు తనది అన్నాడు. సంఘం పెద్దకు ఇబ్బందిగా అనిపించింది. తప్పు చచ్చినవాడిది అయితే పుస్తకం శుభ్రంగా ఉంటుంది. బతికున్నవాడిది అయితే కొట్టివేతలు వస్తాయి.

“పోనీలే మేస్త్రీ, నువ్వు మటుకు కావాలని చేశావా? ఎవరికెలా రాసిపెట్టి ఉంటే అలా జరుగుతుంది.”

“రాసిపెట్టింది నేనే. బోర్డు మీద.”

“అయితే నీ తప్పని రాసుకోమంటావా?”

“రాసుకోండి.”

“సంతకం చేస్తావా?”

చేశాడు. నిధి నుంచి సాయం మొత్తం ఇవ్వడానికి సంఘం ఒప్పుకుంది. అందులో సగం, అంటే యాభై నాలుగు వేలు, మేస్త్రి నుంచి నెలనెలా వసూలు చేయాలని తీర్మానించింది. నిధికి కట్టు, మేం చూసుకుంటాం అన్నారు. అతను ఒప్పుకోలేదు. నిధి ఆ సగం ఇవ్వకుండా ఉంచుకోవాలని, అంత డబ్బూ తనే నెలనెలా ఆమె చేతికి ఇస్తానని అన్నాడు. అందరూ ఆమె వైపు చూశారు.

“ఇవ్వనివ్వండి,” అంది.

ఆ తర్వాత ఊళ్లో క్షమ గురించి చాలామంది మాట్లాడారు. ఆమె పెద్ద మనసు అన్నారు, అతనిది నిజాయితీ అన్నారు. వాళ్లిద్దరూ మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. మొదటి నెల అతను వెళ్లినప్పుడు ఆమె గుమ్మంలో కూర్చుని వల కుడుతోంది. పదిహేను వందలు లెక్కపెట్టి తీసుకుంది. లోపలికి వెళ్లి పదకొండు వందలు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“ఇదేంటమ్మా?”

“మోటారు బిల్లు బాకీ. పంపు పొర కొత్తది వేశావు కదా. అది బాగానే పనిచేసిందిగా.”

“వద్దమ్మా. ఇందులోంచి తీసెయ్యి.”

“నువ్వు నాకివ్వాల్సింది వేరు. నేను నీకివ్వాల్సింది వేరు. కలపొద్దు.”

అతను ఆ పదకొండు వందలు జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు. దారిలో ఒకరిద్దరు పలకరించారు, ఏ చెవితోనూ వినలేదు.

భార్య భయపడినట్టే పని సగానికి పడిపోయింది. “నీ దగ్గర బాగుచేయిస్తే మా ఆవిడకి సంఘం డబ్బు ఖాయం” అని మొహం మీదే అన్నవాడున్నాడు. మేస్త్రి వాడి మోటారు కూడా చూశాడు. గుమ్మం మీది బోర్డు తుడిపించి కొత్తది రాయించాడు. ‘ట్యాంకు, పైపు తేనిదే మోటారు ముట్టను.’ నిప్పు భయం పోలేదు కాబట్టి షెడ్డుకు ఇరవై అడుగుల దూరంలో ఇసుక పోసిన గొయ్యి తవ్వించాడు. ట్యాంకులన్నీ అక్కడే. ప్రతి మోటారునూ దాని ట్యాంకుతో, దాని పైపుతో, దాని పడవ మీదే పెట్టి ఏట్లో ఇరవై నిమిషాలు నడుపుతాడు. బల్బు తన అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. ఎండలో ఆ ఇరవై నిమిషాలూ పడవవాళ్లు విసుక్కుంటారు. “పోనీ పెళ్లి చూపులకు పోతున్నామా మేస్త్రీ, ఇంత ఆలోచనేంటి?” అంటారు. మేస్త్రికి అరచెయ్యి మీదే ధ్యాస ఉంటుంది. ఇప్పటికి పదకొండు పైపులు కోసి పారేయించాడు. వాటిలో నాలుగింటికి నాలుక ఊడి ఉంది.

డ్రమ్ము అక్కడే ఉంది. అందులో ఇప్పుడు మోటార్ల ఉప్పు కడుగుతాడు, అంతే. పేరు మాత్రం డ్రమ్ము మేస్త్రి అనే మిగిలింది. అరవై నాలుగు దాటాయి. మోకాళ్లు పడవ ఎక్కడానికి ఒప్పుకోవడం లేదు. ప్రతి నెలా అయిదో తారీఖున ఆ వీధిలోకి వెళ్తాడు. ఆమె లెక్కపెట్టుకుని తీసుకుంటుంది. ఒక్కోసారి మంచినీళ్లిస్తుంది, ఒక్కోసారి ఇవ్వదు.

మొత్తం ముప్ఫై ఆరు వాయిదాలు. పదిహేడు కట్టాడు. ఇంకా ఇరవై ఎనిమిది వేల ఐదు వందలు బాకీ ఉంది.